జల్ గయీ యా జలాయీ గయీ?

పద్మారావు నగర్ నుంచి ముషీరాబాద్ వైపు నడిచేవాళ్లకు గాంధీ ఆసుపత్రి దూరం నుంచే కనిపిస్తుంది. ఇప్పటి పిల్లలకు అది దవాఖానా. మా అబ్బా మాత్రం చివరిదాకా ‘జైలు జాగా’ అనే అన్నాడు. నిజమే. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న దవాఖానా 2003లో ఇక్కడికి మారకముందు ఈ జమీన్ మీద ముషీరాబాద్ సెంట్రల్ జైలు ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీసింది ఆ గోడల మధ్యే. ఖతల్ కేసుల్లో శిక్ష పడ్డవాళ్లను పెట్టిన జాగాకే ఇవాళ ఖతల్ అయినవాళ్ల లాషులు పోస్ట్‌మార్టమ్‌కు వస్తున్నాయి.

నేను అఖ్బార్‌లో చేరింది దవాఖానా మారిన మరుసటి సంవత్సరం. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు జబాన్లూ వచ్చు కదా అని నన్ను క్రైమ్ వార్తల మీద వేశారు. పొద్దున్నే ఠాణాలకు ఫోన్లు, ఆ తర్వాత మార్చురీ బయట నిలబడటం. నెల తిరగకముందే నాకొక లెక్క అర్థమైంది. మగవాడి లాష్ వస్తే దాని వెనక ఒక సడక్ ఉంటుంది, ఒక కల్లు దుకాణం ఉంటుంది, జమీన్ ఝగడా ఉంటుంది. చంపినవాడు దోస్తో, దుష్మనో, పార్ట్‌నరో. ఔరత్ లాష్ వస్తే దాని వెనక ఒక బావర్చీఖానా ఉంటుంది, బెడ్రూమ్ ఉంటుంది. బయట బెంచీ మీద కూర్చున్న నలుగురూ ఇంటివాళ్లే అయి ఉంటారు.

మాటలు కూడా వేరు. మగవాడైతే ఠాణా నుంచి వచ్చే కాగితంలో ‘హత్య’ అని ఉండేది. ఔరత్ అయితే ‘అనుమానాస్పద మృతి’. కాలిన కేసైతే ‘స్టవ్ పేలి గృహిణి మృతి’. ఆ హెడ్డింగ్ ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తు లేదు. ఒక్కసారి మాత్రం గుర్తుంది. ఆ రోజు రాసింది మా ఆపా గురించి.

ఆపా అంటే మా ఖాలామ్మ పెద్ద బిడ్డ. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె ససురాల్ పద్మారావు నగర్‌లోనే, మెయిన్ రోడ్డు వెనక గల్లీలో. కాలిన ఒళ్లుతో రెండు రోజులు బతికింది. మజిస్ట్రేట్ వచ్చి బయాన్ తీసుకున్నాడు. స్టవ్ పేలిందని చెప్పింది. వార్డు బయట వరండాలో దూల్హాభాయ్ చిన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. మూడో రోజు జనాజా లేచింది. నేను ఆఫీసుకు వెళ్లి ఠాణా కాగితం ముందు పెట్టుకుని నాలుగు లైన్లు రాశాను. పేరు, వయసు, స్టవ్, మృతి. పేరు లేని వార్త కాబట్టి రాసింది ఎవరో ఎవరికీ తెలియదనుకున్నాను.

నలభై రోజుల ఫాతెహా అయ్యాక ఖాలామ్మ ఆ ముక్క నా చేతిలో పెట్టింది. ఆమెకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. ‘ఇస్‌మే క్యా లిఖ్యాయ్ బేటా?’ అని అడిగింది. ‘జల్ కే మర్ గయీ’ అని రాసి ఉందని చెప్పాను. ‘కౌన్ జలాయా?’ అని అడిగింది. అది అందులో లేదన్నాను.

డిగ్రీలో మాకు సకర్మక క్రియ, అకర్మక క్రియ అని పాఠం ఉండేది. ఉర్దూలో జల్‌నా, జలానా, మర్‌నా, మార్‌నా. తెలుగులో కాలడం, కాల్చడం, చావడం, చంపడం. మొదటి రకం క్రియకు పని చేసినవాడితో పని లేదు. పరీక్షలో దీనికి అయిదు మార్కులు. మన దేశంలో ఇంట్లో చనిపోయిన ఔరత్‌ల తారీఖ్ అంతా ఈ పాఠంలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

ముందు లెక్కలు చూద్దాం. 2023లో ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం దునియా మొత్తంలో ఖతల్ అయినవాళ్లలో 80 శాతం మగవాళ్లు. ఇది విని చాలామంది ‘చూశారా, మర్దులే ఎక్కువ చస్తున్నారు’ అంటారు. నిజమే, ఎక్కువ. మరి ఎవరి చేతిలో చస్తున్నారు? ఖతల్ అయిన మగవాళ్లలో ఇంటివాళ్ల చేతిలో, భార్య లేదా ప్రియురాలి చేతిలో పోయినవాళ్లు దాదాపు 12 శాతం. ఖతల్ అయిన ఔరత్‌లలో భర్త చేతిలోనో, జతగాడి చేతిలోనో, ఇంటివాళ్ల చేతిలోనో పోయినవాళ్లు 60 శాతం. ఆ ఒక్క సంవత్సరంలో అట్లా పోయిన ఔరత్‌లు, అమ్మాయిలు దాదాపు 51,100 మంది. రోజుకు 140. మగవాడికి ఖతరా ఇంటి బయట ఉంది, ఔరత్‌కు ఇంటి లోపల ఉంది. మనం మాత్రం తరతరాలుగా ఆడపిల్లకు చెప్పేది ‘చీకటి పడేలోగా ఇంటికి రా బేటీ’ అని.

మన దేశం లెక్కలో ఇంకో పేచ్ ఉంది. 2022లో జాతీయ నేర రికార్డుల బ్యూరో నమోదు చేసిన హత్య కేసులు 28,522. హతుల్లో దాదాపు 70 శాతం మగవాళ్లు, ఔరత్‌లు 8,125 మంది. అదే సంవత్సరం వరకట్న మరణాలు 6,450. ఈ 6,450 హత్యల ఖాతాలో లేవు. వాటికి వేరే పేజీ, వేరే హెడ్డింగ్. అందులో ఆత్మహత్యలుగా తేలినవీ ఉంటాయి కాబట్టి అన్నిటినీ తెచ్చి హత్యల్లో కలపలేం. కానీ ఎన్నిటిని కలపాలో చెప్పే లెక్క ఆ పుస్తకంలో దొరకదు. హత్య పేజీ ఒక్కటే చదివినవాడికి హిందుస్తాన్‌లో ఔరత్ కొంత హిఫాజత్‌గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

స్టవ్ లెక్క ఇంకా ఘోరం. 2001లో దేశంలో మంటల వల్ల పోయినవాళ్లు ఎంతమంది అని ముగ్గురు పరిశోధకులు లెక్క కట్టి 2009లో లాన్సెట్ పత్రికలో అచ్చు వేశారు. లక్షా 63 వేలు దాటారు. పోలీసు లెక్కకు అది ఆరు రెట్లు. అందులో లక్షా 6 వేల మంది ఔరత్‌లు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల మధ్యవాళ్లు. ఆ వయసులో ఒక మగవాడు కాలి చనిపోతే ముగ్గురు ఆడవాళ్లు కాలి చనిపోయారు. చీర కొంగు అంటుకోవచ్చు, నాసిరకం స్టవ్ నిజంగానే పేలవచ్చు, బతకలేక తానే అంటించుకోవచ్చు. అన్నీ జరిగేవే. కానీ మన గల్లీల్లో పొద్దంతా పంపు కొడుతూ స్టవ్ ముందు కూర్చునేది చాయ్ బండివాడు, మిర్చీ బండివాడు. ఇంట్లో కోడలితో పాటు అత్త కూడా అదే స్టవ్ మీద వండుతుంది. దులహన్ వయసు చూసి పేలే స్టవ్ ఏ కంపెనీ చేస్తుంది?

ఈ సవాల్‌ను సడక్ మీదికి తెచ్చింది మన షహర్ అమ్మాయిలే అని చాలామందికి తెలియదు. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టారు. 1975లో వరకట్నానికి వ్యతిరేకంగా హైదరాబాద్‌లో జులూస్‌లు తీశారు. ఈ కాలపు మహిళా తహ్రీక్‌లో జహేజ్ మీద లేచిన మొదటి గొంతు అదే. అంతలో ఎమర్జెన్సీ వచ్చింది, జులూస్‌లు ఆగిపోయాయి. నాలుగేళ్ల తర్వాత, 1979లో, ఢిల్లీలో అదే మంట మళ్లీ లేచింది. అక్కడ ఒక కొత్త పెళ్లికూతురు కాలిపోయి, చనిపోయే ముందు అత్తింటివాళ్ల పేరు చెప్పింది. అయినా పోలీసులు ఖుద్‌కుషీ అని రాసుకున్నారు. ఔరత్‌లు ఆ ఇంటి ముందుకే వెళ్లి నారాలిచ్చారు. అప్పటిదాకా ‘ఇంటి గొడవ’ అన్నదానికి ఖతల్ అని పేరు పెట్టింది వాళ్లు.

ఖానూన్ మెల్లగా కదిలింది. 1961 వరకట్న నిషేధ చట్టం అప్పటికే ఉంది, కాగితం మీద. 1983లో భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద 498ఏ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఔరత్ అనుమానాస్పదంగా పోతే పోస్ట్‌మార్టమ్ చేయాలన్న నియమమూ ఆ సంవత్సరమే వచ్చింది. 1986లో 304బీ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో, మామూలుగా కాని మరో విధంగానో పోయి, పోయే ముందు జహేజ్ కోసం వేధించారని రుజువైతే నింద భర్త మీద, అతనివాళ్ల మీద పడుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం వాళ్లదే. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా ఉండొచ్చు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దీని నంబర్ 80గా మారింది. ఏడేళ్ల గీత మాత్రం మారలేదు.

ఆ గీత ఎందుకో నాకు తెలుసు. చట్టానికి ఎక్కడో ఒక హద్దు కావాలి. కానీ మా ఆపా పెళ్లయి అప్పటికి తొమ్మిదో ఏడు. గీతకు అటువైపు పడింది. హత్య సెక్షన్‌కు గడువు లేదు, కానీ దానికి గవాహ్ కావాలి. మూసిన తలుపు వెనక గవాహ్ ఎవరు? ఉన్నది ఒక్క నజయీ బయాన్, అంటే మరణ వాంగ్మూలం. చనిపోయే మనిషి అబద్ధం చెప్పదని చట్టం నమ్మకం. పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టి వెళ్తున్నదో తెలిసిన తల్లి ఏం చెబుతుందో చట్టం ఆలోచించలేదు.

మనవాళ్లలో ఈ మాట ఎత్తితే ‘ఇస్లాంలో జహేజ్ లేదు మియాఁ, మెహర్ ఉంది’ అంటారు. బరాబర్. 1961 చట్టం కూడా మెహర్‌ను కట్నం లెక్కలోంచి మినహాయించింది. మెహర్ దూల్హా దులహన్‌కు ఇవ్వాల్సింది. మన హైదరాబాద్ షాదీఖానాల్లో మాత్రం మెహర్ ఉధార్ రాసి, ‘జోడే కీ రఖమ్’ నగదు తీసుకుంటారు. మసీదులో ఒక హిసాబ్, షాదీఖానాలో ఇంకో హిసాబ్. ఆపా పెళ్లికి ఖాలూ అమ్ముకున్న ఆటో సంగతి మా ఖాందాన్‌లో అందరికీ తెలుసు.

ఇక్కడ మర్ద్ దోస్తుల సవాల్ వస్తుంది. భార్యలు భర్తల్ని చంపడం లేదా? చంపుతున్నారు. 2025 మార్చిలో మీరట్ నుంచి నీలం డ్రమ్ము వార్త వచ్చింది. భర్తను చంపి డ్రమ్ములో సిమెంటు పోసి మూసారని భార్య మీద, ఆమె దోస్త్ మీద ఇల్జామ్. దేశమంతా మీమ్స్. మా వాట్సాప్ గ్రూపులో పెళ్లైన ప్రతివాడూ డ్రమ్ము బొమ్మ పెట్టి నవ్వాడు. దానికి రెండు నెలల ముందే, జనవరిలో, మన మీర్‌పేటలో భార్యను చంపి లాష్‌ను ముక్కలు చేశాడని ఒక భర్త అరెస్టయ్యాడు. దాని మీద ఎవరూ మీమ్ చేయలేదు. చేయకూడదు కూడా. కానీ ఒకటి ఎందుకు నవ్వు అయింది, ఇంకొకటి ఎందుకు రెండు రోజుల వార్త అయింది? అరుదుగా జరిగేది తమాషా అవుతుంది, రోజూ జరిగేది ఆదత్ అవుతుంది.

భర్త ప్రాణం కూడా ప్రాణమే. అతని అమ్మీ కూడా ఖాలామ్మలాగే ఏడుస్తుంది. నేను అడిగేది ఆ రెండు దారుల మధ్య ఫర్క్ గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఔరత్‌లలో వందకు దాదాపు 37 మంది భర్త హింసను చూశామన్నారు. దేశం మొత్తం మీద అది 29. అతను కొట్టకుండానే తామే ముందు చెయ్యి ఎత్తామని దేశంలో ఒప్పుకున్నవాళ్లు వందకు నలుగురు. భర్త చేతిలో పోయే ఔరత్ చాలాసార్లు ఏళ్ల తరబడి దెబ్బలు తిని పోతుంది. భర్తను చంపే ఔరత్‌లలో ఆస్తి కోసం, ఆషిఖ్ కోసం చంపినవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి దెబ్బలు తిని చంపినవాళ్లూ ఉంటారు. ఈ చివరివాళ్ల దగ్గర ఖానూన్ తడబడుతుంది.

ఆ తడబాటు పాతది. 1860 నాటి పీనల్ కోడ్‌ను ఉర్దూలోకి తెచ్చి తాజీరాతె హింద్ అని పేరు పెట్టిన పనిలో ముఖ్యుడు డిప్టీ నజీర్ అహ్మద్. తర్వాత 1877లో సాలార్‌జంగ్ పిలిస్తే మన హైదరాబాద్ కొలువుకూ వచ్చాడు. మేం స్కూల్లో చదివింది ఆయన ఇంకో కితాబ్, 1869 నాటి మిరాతుల్ ఉరూస్. నోటి దురుసు అక్బరీ ఇల్లు చెడగొట్టుకుంటుంది, సలీఖా ఉన్న అస్గరీ ససురాల్‌ను నిలబెడుతుంది. మా ఉస్తానీమా ప్రతి అమ్మాయినీ అస్గరీలా ఉండమనేది. ఆపా అస్గరీలాగే ఉంది. ఇల్లు నిలబెట్టే జిమ్మా అంతా దులహన్ మీద వేసిన కలమే, చంపినవాడికి ఎప్పుడు రియాయత్ ఇవ్వాలో చెప్పే ఖానూన్‌ను కూడా ఉర్దూలోకి తెచ్చింది.

ఆ రియాయత్ పేరు ‘సఖ్త్ ఔర్ నాగహానీ ఇష్తిఆల్’. తీవ్రమైన, ఆకస్మిక ప్రకోపం. ఎవరైనా రెచ్చగొడితే ఆ క్షణంలో ఒళ్లు తెలియని ఘుస్సాలో చంపినవాడి నేరం హత్య కంటే ఒక మెట్టు కిందికి దిగుతుంది. 1959లో బొంబాయిలో భార్య ప్రేమికుణ్ణి కాల్చిన నౌకాదళ అధికారి నానావతి ఈ రియాయతే అడిగాడు. సుప్రీంకోర్టు 1961లో ఒప్పుకోలేదు, ఆ ఘుస్సా చల్లారేంత టైమ్ ఉందని చెప్పింది. అయినా జనం అతన్ని హీరో చేశారు, 1964లో క్షమాభిక్ష దొరికింది.

‘నాగహానీ’ ఘుస్సా బలమున్నవాడి ఘుస్సా. కోపం వచ్చిన క్షణమే చెయ్యి లేపగలిగినవాడిది. ఒంటి బలం తక్కువున్న ఔరత్ అతను తిడుతుంటే, కొడుతుంటే ఎదురు తిరగలేదు. అతను నిద్రపోయేదాకా ఆగుతుంది. ఆ ఆగిన గంటల్నే అదాలత్ ‘పథకం’ అంటుంది.

ఇంగ్లండులో పంజాబీ ఔరత్ కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్ల దెబ్బల తర్వాత 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. అతను చనిపోయాడు, ఆమెకు యావజ్జీవం పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంస్థ ఆమె వెంట నిలబడింది. 1992లో ఆ హత్య శిక్ష రద్దయింది. ఆమె మానసిక స్థితి దెబ్బతిన్నదని ఒప్పుకుని చిన్న నేరం కింద వదిలేశారు. ఆ దేశం 2009లో చేసిన చట్టంతో ప్రకోపం ఆకస్మికంగానే రావాలన్న షర్త్‌ను తీసేసింది. మన మద్రాసు హైకోర్టు కూడా ఆ 1989లోనే, పిల్లలతో బావిలో దూకి తాను మాత్రం బతికిన ఒక తల్లి కేసులో, ఏళ్ల తరబడి సాగే ప్రకోపాన్ని లెక్కలోకి తీసుకోవాలంది. కానీ 2023 నాటి కొత్త సంహితలోనూ ‘ఆకస్మిక’ అనే మాట అట్లాగే ఉంది. నూట అరవై ఏళ్ల నాటి మర్దానా ఘుస్సాకే ఇంకా రియాయత్.

కిరణ్‌జిత్ కథ చదివినప్పుడు నాకు ఒకటే గుర్తొచ్చింది. అక్కడా మంటే, ఇక్కడా మంటే. అక్కడ కాలింది భర్త కాబట్టి మొదటి రోజే ‘ఎవరు కాల్చారు’ అని అడిగారు.

మా ఆపాకు గుసుల్ ఇచ్చిన బూబూ మొన్నీమధ్య దాకా బతికే ఉంది. మయ్యత్ ఒంటి మీద చూసినదాన్ని బయట చెప్పకూడదని మన అదబ్. ఆమె కూడా చెప్పలేదు. ఖాలామ్మతో మాత్రం ఒక్క మాట అందట: వీపు మీద మంట తగలని జాగాలో పాత నీలి మచ్చలున్నాయని. ఖాందాన్ పెద్దలు కూర్చుని మాట్లాడారు. పిల్లలు, ఇజ్జత్, ఇంకో బిడ్డ షాదీ. సబర్ చేయమన్నారు. ఆ కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందరిలోకీ చదువుకున్నవాణ్ణి, అఖ్బార్‌వాలాను. నోరు తెరవలేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. దూల్హాభాయ్ నేరస్తుడని నేను రాయలేను. అడగాల్సిన వేళ అడగనివాడికి ఆ హఖ్ లేదు. కానీ ‘స్టవ్ పేలి’ అని రాసే హఖ్ కూడా నాకు లేదు. పేలడం నేను చూడలేదు కదా.

పోయిన రంజాన్‌లో ఖాలామ్మను చూడటానికి వెళ్లాను. ఇప్పుడు చూపు ఆనడం లేదు. పెట్టెలోంచి అదే కాగితం ముక్క తీయించి, చదవమని నా చేతికిచ్చింది. ఇరవై ఏళ్లలో ఎన్నోసారో. ఈసారి చదవలేదు. ‘ఖాలామ్మా, యే మైచ్ లిఖా థా’ అన్నాను. రాసింది నేనేనని.

ఆమె కాగితం వెనక్కి తీసుకుని మడత పెట్టింది.

‘మాలూమ్ థా మేరేకు,’ అంది. ‘ఇసీచ్ వాస్తే తో తేరేకుచ్ పూఛ్‌తీ థీ.’